అంకెలు మాత్రమే రాయండి

చందానగర్,
౧౦–౬–౨౦౨౫

వెబ్‌సైటు చూసుకునే బాబుకు,

పుణ్యవతి ఆశీస్సులు. మూసాపేటలో మీరు నడిపే సాయంత్రం బడిలో ఉచితంగా లెక్కలు చెబుదామని మీ ఫారం నింపాను. వయసు గడిలో వయసే రాశాను. "అంకెలు మాత్రమే రాయండి" అని ఎర్రగా మందలించింది. తణుకులో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. నేను రాసేది అంకె కాదని ఇంతవరకు ఎవరూ అనలేదు. శనివారంతో గడువు. చేతిలో సుద్దముక్క లేక అల్లుడి పాల లెక్కలు దిద్దుతున్నాను. మా ఇద్దర్నీ కాపాడు.

ఇట్లు,
పుణ్యవతి

తా.క.: వయసు దాచే అలవాటు నాకు లేదు. మీ ఫారమే చూడనంటోంది.

హైటెక్ సిటీ,
11–6–2025

నమస్తే మేడం,

నేను సాయిచంద్. ఆఫీసు పని చేసుకుంట బడి వెబ్‌సైటు చూస్తున్న. జర ఫికర్ చెయ్యకండి. ఆ గడికి జావాస్క్రిప్ట్ అనే కోడ్‌తోని కాపలా పెట్టిన. సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలైతేనే లోపలికి పంపిస్తది. పోయినేడు ఒకాయన వయసు గడిల "ఇంకా కుర్రాడినే" అని రాసిండు, అందుకే. మీరు పక్కన "ఏళ్లు" అని రాసి ఉంటరు. తీసెయ్యండి. రెండు నెలల సంది లెక్కలకు ఒక్క టీచర్ రాలే. శనివారం దాకా ఎవరూ రాకుంటే క్లాసు బందు అంటున్నరు బడి నడిపే వాసంతి మేడం.

మీ
సాయిచంద్

తా.క.: మీరు మెయిల్ చేసిన ఉత్తరం పైన తేదీ దగ్గర ముగ్గులు పడ్డయి. ఫోన్ చూపించుకోండి.

చందానగర్,
౧౨–౬–౨౦౨౫

చిరంజీవి సాయిచంద్‌కు,

ఆశీస్సులు. "ఏళ్లు" అని రాయలేదు. కళ్లజోడు తుడుచుకుని, నువ్వు చెప్పినట్టే ఒక్కో అంకె కొట్టి చూశాను. సున్నాను కూడా కాదంది! నాయనా, సున్నానే కాదంటే మన దేశానికి ఇక మిగిలేదేముంది?

ఇట్లు,
పుణ్యవతి

తా.క.: ముగ్గు వాకిట్లో వేస్తాను, ఉత్తరం మీద కాదు.

హైటెక్ సిటీ,
12–6–2025

నమస్తే మేడం,

నేను కొడితే మంచిగనే తీసుకుంటుంది. మీరే ఏదో తప్పు కొడుతున్నరు. ఇంట్ల చదువుకున్నోళ్లు ఎవరన్న ఉంటే నింపించుకోండి.

మీ
సాయిచంద్

తా.క.: మా బడిల పెద్దోళ్లకు అంకెలు నేర్పే క్లాసు కూడ ఉంది. మీ పేరు రాయమంటరా?

చందానగర్,
౧౩–౬–౨౦౨౫

సాయిచంద్‌కు,

ఆశీస్సులు ప్రస్తుతానికి ఆపాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా రాస్తున్నాను, కళ్లు తెరిచి చూడు: ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯. ఇవి అంకెలు కాకపోతే నేను వేసిన మార్కులేవీ చెల్లవు. తణుకులో సగం మంది మళ్లీ పదో తరగతి రాయాలి.

పుణ్యవతి

తా.క.: చదువుకున్నవాళ్లు ఇంట్లో ఉన్నారు. నేనే.

హైటెక్ సిటీ,
14–6–2025

అమ్మమ్మా, నమస్తే,

మేడం అనబుద్ధి కాలే. మీ ఉత్తరం మా నాయనమ్మ బుచ్చమ్మకు చూపిస్తే "అవి తెలుగంకెలు రా, ముగ్గులేంది!" అని నెత్తిమీద మొట్టింది. నేను ఇంగ్లీషు మీడియం. నా కాపలాకు కూడ ఇంగ్లీషు అంకెలే నేర్పిన. ఇప్పుడు తెలుగంకె వస్తే ముందుగాల మార్చుకొని చూడమన్న. మీ అర్జీ లోపలికొచ్చింది.

ఇంకో ముచ్చట. ఫారం బాగైందని వాసంతి మేడం కాలనీ గ్రూపుల పెడితే, పొద్దుగూకే లోపల రిటైరైన పంతుళ్ల అర్జీలు కుప్ప పడ్డయి. ఫారం తెలుగుల ఉందని అందరూ ముందు కూడ తెలుగంకెలే కొట్టిండ్రంట. టీచర్లు వస్తలేరని మేం ఏడుస్తుంటే, వచ్చినోళ్లను వచ్చినట్టే నేనే తరిమిన. క్లాసు ఇగ బందు కాదు.

మీ
సాయిచంద్

తా.క.: పెద్దోళ్ల అంకెల క్లాసుల ఒక పేరు రాసిన: సాయిచంద్, వయసు ౬౨. మీ వరస చూసి నేనే కొట్టిన. ఫారం ఒక్కసారికే తీసుకుంది!

చందానగర్,
౧౫–౬–౨౦౨౫

చిరంజీవి సాయిచంద్‌కు,

ఆశీస్సులు మళ్లీ మొదలుపెట్టాను. సోమవారం పలక తెచ్చుకో.

ఇట్లు,
పుణ్యవతి టీచర్

తా.క.: నువ్వు కొట్టింది అరవై రెండు. ఇరవై ఆరును తిరగేసినట్టున్నావు. నీ కాపలా దాన్నీ లోపలికి పంపింది చూశావా? అంకె అయితే చాలదు నాయనా, సరైన అంకె కావాలి. లేదూ, నిజంగానే అరవై రెండంటావా, నన్ను అమ్మమ్మా అనకు. అక్కా అను.