మాయ కోసం పంపిన కుండ

నాచారం, 2006

అమ్మా, భయపడకు. నీ కోడలు గౌతమి నెలలు నిండకముందే ఆడపిల్లను కన్నది. తల్లి క్షేమం. పాప అద్దాల పెట్టెలో ఉంది. బిడ్డ వెనకాల పడే మాయకు వాపు రావడం వల్లే తొందరగా కాన్పయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ వాపు పసివాళ్లకేం చేస్తుందో పరిశోధిస్తున్నారట, మాయ ఇమ్మని అడిగింది. దాన్ని మన పెరట్లో పాతిపెట్టాలని నువ్వు ముందే కొత్త కుండ పంపావు గదా, అందుకే నేను డాక్టరమ్మతో కుదరదన్నాను. గౌతమే, "ఇయ్యుండ్రి. మన్నుల పెడితే ఏం తెలుస్తది? ఇంకో పిల్లన్న గీ పెట్టెల పండకుంటది" అంది. ఇచ్చేశాను, కోప్పడకు.

బర్రె ఈనిందా? చెల్లెకు దీవెనలు. మెత్తని పాత చీరలు పట్టుకుని వచ్చి ఉప్పల్‌లో బస్సు దిగు.

కుండ దాచి ఉంచాను. పాప పెట్టెలోంచి బయటికొచ్చిన రోజు నీళ్లు అందులోనే కాస్తాను. కాళ్లమీద వేసుకుని నువ్వే పొయ్యాలి.

నీ ఉపేందర్