డ్యూటీలో తాగని నీళ్లు

నన్ను కన్న అవ్వకు సృజన దండాలు. కరీంనగర్ హాస్టల్లో మా రోజులు గడుస్తున్నాయి. నువ్వు, బాపు, తమ్ముడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆదివారం ఫోన్లో మాట్లాడుదామంటే వార్డెన్ మేడం పక్కనే కూర్చుంటుంది. అందుకే, పెళ్లికని ఇంటివాళ్లు సంతకం పెట్టి తీసుకుపోతుంటే మన వేములవాడ వస్తున్న నా రూమ్మేట్ మంజుల చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను.

నువ్వు పంపిన సకినాలు అందాయి. సగం మేడమే తిన్నది, ఆమె పళ్లు గట్టివి. లస్మవ్వ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులకు మందు చెప్పమన్నావు. డాక్టరుకు చూపించుకోమను. నేనింకా నర్సింగ్ రెండో సంవత్సరమే, నువ్వేమో ఊరంతటికీ నన్ను డాక్టరమ్మను చేసి పెట్టావు.

వేళకు తింటున్నావా అని అడిగావు. పొద్దున టిఫిను కోసం లైన్లో నిలబడితే ఆసుపత్రి బస్సు వెళ్లిపోతుంది. వార్డులో మా స్టూడెంట్ల బాత్రూంకు తాళం ఉంటుంది. తాళంచెవి అడిగితే సిస్టరు పేషెంట్లందరి ముందూ, "డ్యూటీకొచ్చినవా, బాత్రూంకొచ్చినవా?" అంటుంది. ఆ సిగ్గుకు డ్యూటీ అయ్యేదాకా మేమెవరం నీళ్లు ముట్టం. అదే నోటితో, నీళ్లు బాగా తాగాలని పేషెంట్లకు బొమ్మలు చూపించి మరీ చెప్తాం. దీపం కింద చీకటంటే మేమే.

అవ్వా, ఇన్నాళ్లూ దాచాను. నాకు చలిజ్వరం వస్తోంది, నడుములో పోటు. మూత్రంలో రక్తం పడుతోంది. మంజుల మాత్రలు తెచ్చింది, కిటికీ ఊచకు సీసా కట్టి సెలైన్ కూడా పెట్టింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. భయమేస్తోంది. జ్వరమని మేడంకు చెప్తే, "నర్సుకే జరమొస్తే పేషెంట్లను ఎవలు చూస్తరు బిడ్డా?" అన్నది. రోజూ ఆసుపత్రిలోనే తిరుగుతున్నా, మేడం చీటీ లేనిదే మమ్మల్ని ఏ డాక్టరూ చూడడు. సెలవు పెడితే హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు. బాపుకు తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేస్తాడు. ఎటు తిరిగినా గోడే.

ఇంటివాళ్లు వచ్చి సంతకం పెడితేనే మమ్మల్ని బయటికి పంపుతారు. బాపుకు చెప్పకుండా నువ్వొక్కదానివే రా. మేడం ముందు నిలబడితే నేను అలవాటు చొప్పున, "ఏం లేదవ్వా, మంచిగనే ఉన్న," అంటాను. నమ్మకు. చేయి పట్టుకుని దవాఖానకు తీసుకుపో. పక్కన నిలబడే నర్సుగా కాదు, మంచం మీద పడుకునే పేషెంటుగా.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
సృజన