గుండుగాడి బరువు

జనవరి 11, ఆదివారం

ఈ ఇంట్లో ఎవరో నాకు తెలియకుండా గుండుగాడికి నీళ్ళు పోస్తున్నారు.

గుండుగాడంటే మనిషి కాదు. మా చిన్నమ్మాయి పెంచుకున్న కాక్టస్. నా పిడికిలంత ఉంటుంది, ఒళ్ళంతా మూడు రోజుల గడ్డం. నిన్న కుండీతో సహా 412 గ్రాములు. ఇవాళ సాయంత్రం 431. ఒక్క రోజులో పంతొమ్మిది గ్రాములు లావెక్కడం ఏ మొక్క వల్లా కాదు. పెళ్ళిభోజనం చేసొచ్చినా ఆ లెక్కన లావెక్కడం నా వల్లే కాదు.

నేను కాటాలు రిపేరు చేస్తాను. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ అదే పని. బంగారం తూచే చిన్న కాటా ఒకటి ఇంట్లోనే ఉంటుంది. నేను అబద్ధం ఆడతానేమో గానీ నా కాటా ఆడదు.

జనవరి 12

నాకెందుకు ఆ మొక్క గొడవ అంటే, చిన్నది నాతో మాట్లాడి మూడు నెలలైంది.

తప్పు నాదే. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు. ఇంటర్వ్యూ ఇచ్చొచ్చి ఫోన్ కోసం చూస్తోంది కదా అని, పక్క వీధిలోంచి గొంతు మార్చి, మేడమ్ మీరు సెలెక్ట్ అయ్యారు అన్నాను. ఊరంతా చెప్పేసుకుంది. సాయంత్రం నేను నవ్వాను. అది నవ్వలేదు. రెండు రోజుల తర్వాత ఆఫీసువాళ్ళే నిజంగా ఫోన్ చేశారు. చాల్లే నాన్నా, సిగ్గులేదా అని పెట్టేసింది. సంగతి తెలిసేసరికి ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశారు.

తర్వాత వేరే ఊళ్ళో ఏదో ఉద్యోగం దొరికితే వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మతో అన్న మాట గోడవతల నుంచి విన్నాను. నాన్నని మాత్రం గుండుగాడి జోలికి రానివ్వకమ్మా, అంది.

అది నన్ను చూడ్డానికి రాదు. గుండుగాడు బతికుంటే వాణ్ణి చూడ్డానికైనా వస్తుంది. అందుకే తూకం.

జనవరి 13

నర్సరీ ఆయన దగ్గరికెళ్ళాను. చలికాలం దానికి నిద్ర అన్నాడు. నెలకి రెండు చెంచాలు చాలట, అదీ మట్టి గలగలా ఎండితేనే. ఎండబెట్టి చంపినవాణ్ణి ఇంతవరకు చూళ్ళేదు, తాగించి చంపినవాళ్ళు మాత్రం వారానికి నలుగురొస్తారు అన్నాడు.

ఆ రెండు చెంచాలూ ఎవరూ చూడకుండా నేను ఒకటో తారీఖునే పోసేశాను. మరి ఈ పంతొమ్మిది గ్రాములు ఎవరివి?

జనవరి 18, ఆదివారం

పొద్దున 416. సాయంత్రం 447.

జనవరి 20

మా ఆవిణ్ణి అడిగాను. నేనెందుకు పోస్తాను అంది. నా కళ్ళలోకి చూడకుండా అంది. కాటా చూపించాను. కాటా అబద్ధం ఆడదండీ, దాని మీద వేలు పెట్టేవాళ్ళు ఆడతారు అంది.

అత్తగారిని అడిగాను. నాకు కళ్ళే ఆనవు, నీ ముళ్ళమొక్క నాకెక్కడ కనిపిస్తుంది అల్లుడూ అంది. కళ్ళు ఆననావిడ టీవీ రిమోట్‌లో సౌండ్ బటన్ మాత్రం తడుముకోకుండా నొక్కింది.

జనవరి 21

అత్తగారు నన్ను చూసి లోలోపల నవ్వుకుంటోంది. నేను గమనించలేదనుకుంటోంది.

జనవరి 26

ఇది కక్ష. నాకు ఖాయంగా తెలిసిపోయింది. ఒకప్పుడు బాత్రూమ్ దగ్గరి కాటాని నాలుగు కిలోలు ఎక్కువ చూపించేలా తిప్పి పెట్టాను. అత్తగారు వారం రోజులు రాత్రిపూట తిండి మానేసింది. మా ఆవిడ పంచదార డబ్బాలో ఎన్నిసార్లు ఉప్పు పోశానో లెక్కలేదు. ఇన్నేళ్ళకి తల్లీకూతుళ్ళు కూడబలుక్కుని నా మీద నాటకం ఆడుతున్నారు. గుండుగాణ్ణి చంపి, ఆ పాపం నా నెత్తిన రుద్దుతారు. చిన్నది ఎవరి మాట నమ్ముతుంది? నా మాటా?

దాచేద్దామంటే వంటింటి కిటికీలో తప్ప ఎక్కడా ఎండ లేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం. పొద్దున 7

తెలివైన పని చేశాను. చీటీ రాసి కుండీలో గుచ్చాను. "నీళ్ళు పోశాను. ఇంకెవరూ పొయ్యొద్దు." నేను చుక్క కూడా పొయ్యలేదు. పోశానంటే వాళ్ళు మానేస్తారు కదా.

సాయంత్రం 6

503.

ఐదు వందల మూడు!

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దునే కుండీ చుట్టూ మొహానికి రాసుకునే పౌడర్ పలచగా జల్లి, బయటికెళ్ళాను. తాళంచెవులు మర్చిపోయినట్టు నటిస్తూ గంటలో వచ్చి చూశాను. వేలిముద్రలు పడ్డాయి. ఒక చెయ్యి సన్నం. ఇంకో చెయ్యి బొటనవేలు నా బొటనవేలంత ఉంది.

ఇద్దరు.

ఫిబ్రవరి 15, ఆదివారం

దొరికారు.

ఫ్రిజ్ వెనక నిలబడ్డాను. నడుం పట్టేసింది. తొమ్మిదింటికి మా ఆవిడ వచ్చింది. వెనక్కి ఓసారి చూసి, నాలుగు చెంచాలు పోసి వెళ్ళింది. పది నిమిషాలకి, కళ్ళు ఆనని మా అత్తగారు చిన్న గ్లాసుతో వచ్చింది. ఒక్క చుక్క కింద పడకుండా పోసింది.

నేను బయటికొచ్చాను. అత్తగారు గ్లాసు కొంగులో దాచింది. ముగ్గురం వంటింట్లోనే నిలబడి అరుచుకున్నాం.

అత్తగారి మాట: తన కూతురికి మతిమరుపు, మనవరాలి మొక్క ఎండిపోతుందేమోనని ఆదివారం ఆదివారం తనే పోస్తోందట. మా ఆవిడ మాట: చిన్నది నన్ను రానివ్వొద్దంది కాబట్టి నాకు చెప్పకుండా తనే పోస్తోందట. మరి చీటీ చూశాక కూడా ఎందుకు పోశావే అన్నాను. మీరు పోశానని రాశారు కాబట్టే పొయ్యలేదని అర్థమైంది, అందుకే ఆ రోజు నుంచీ రెండింతలు పోస్తున్నాను అంది. అత్తగారు, నేనూ అంతే అల్లుడూ, అంది.

వాళ్ళ లెక్క తప్పు కాదు. నేను నిజంగానే పొయ్యలేదు.

పోనీ నిజమే రాసుంటే? ఎక్కువైంది, పొయ్యకండి అని? అప్పుడూ పోసేవాళ్ళే.

కక్షా లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్ళూ కక్ష ఉందనుకున్నప్పుడే బాగుంది.

ఫిబ్రవరి 16

గుండుగాడి మొదలు దగ్గర వేలితో నొక్కాను. మెత్తగా లోపలికి దిగింది. చెమ్మ వాసన.

ఫిబ్రవరి 17

నర్సరీ ఆయన ఇంటికొచ్చి చూసి, కింద నుంచి కుళ్ళు పైకెక్కుతోంది, తల కోసెయ్యాలి అన్నాడు. ఆయన్నే కొయ్యమన్నాను. కత్తి తుడిచి కోశాడు. లోపల గోధుమరంగు. ఇంకాస్త పైకి కోశాడు. ఇంకా గోధుమరంగే. నాలుగో కోతకి శుభ్రంగా పచ్చగా వచ్చింది. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని నిలబడింది. తర్వాత చూస్తే చొక్కా నలిగిపోయి ఉంది.

మిగిలింది గుండు పైభాగం, 64.2 గ్రాములు. నీడలో ఆరబెట్టాలి. కోసినచోట తోలు కట్టి, వేళ్ళు వస్తే బతికినట్టు. అప్పటిదాకా నీళ్ళు చిలకరించినా చస్తుంది అన్నాడు. ఆ మాట అత్తగారి వైపు చూసి అన్నాడు.

సాయంత్రం మా ఆవిడ ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. గుండుగాడు కుళ్ళిపోయాడే, తల ఒక్కటే మిగిల్చాం అన్నాను. చాల్లే నాన్నా, అంది. పెట్టేసింది.

ఆఫీసువాళ్ళకి చెప్పిన మాటే.

ఫిబ్రవరి 18

ఇవాళ మా ఆవిడే చిన్నదానికి ఫోన్ చేసింది. నువ్వూ నాన్న పార్టీలో చేరిపోయావా అందట. ఫోటో పంపితే, మార్కెట్లో ఇలాంటివి వంద దొరుకుతాయి అందట.

ఫిబ్రవరి 20

చిన్నదే ఫోన్ చేసింది! వాళ్ళమ్మకి. స్పీకర్ పెట్టించింది. నిజంగా తల మిగిలుంటే రోజూ సాయంత్రం దాని బరువు చెప్పాలట. ముందు నేను, అమ్మ మీద ఒట్టేసి. తర్వాత ఫోన్ అమ్మకివ్వాలి, ఆవిడ విడిగా చెప్పాలి. రెండూ కలవాలి. అబద్ధమైతే ఇద్దరూ కలిపి ఎన్నాళ్ళు ఆడతారో చూస్తాను అంది.

పోలీస్ ఉద్యోగం వచ్చుండాల్సింది దీనికి.

63.8. ఒట్టు.

ఫిబ్రవరి 27

62.9. ఒట్టు. తోలు కట్టింది, గట్టిగా, అరికాలిలా. ఒట్టు.

మార్చి 5

నేను 62.1 అన్నాను. మా ఆవిడ కళ్ళజోడు లేకుండా చూసి 62.7 అంది. దొరికారు, అంది చిన్నది. అంత సంతోషంగా ఎప్పుడూ వినలేదు దాని గొంతు. మా ఆవిడ కళ్ళజోడు వెతుక్కునేదాకా అది ఫోన్ పెట్టెయ్యలేదు. ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ దాని ఊపిరి వినిపించింది.

మార్చి 6

62.0. ఒట్టు. భోజనం చేశావా అని అడిగాను. అమ్మకివ్వు అంది.

మార్చి 15

61.2. అత్తగారు తనకి తనే శిక్ష వేసుకుంది. వంటింట్లోకి గ్లాసు పట్టుకుని రావట్లేదు. మంచినీళ్ళు కూడా హాల్లోకే తెప్పించుకుంటోంది.

మార్చి 24

60.6. కింద ఏమీ లేదు. రోజూ తిప్పి చూస్తున్నాను. నర్సరీ ఆయన ఓపిక పట్టమన్నాడు. తగ్గడమే గానీ పెరగడం లేదు. ఏదో ఒకరోజు చెప్పడానికి అంకె ఉండదేమో.

మార్చి 31

అడుగున మూడు వేళ్ళు. తెల్లగా, దారప్పోగుల్లా.

ఫోన్ ఎత్తగానే, ఎంత, అంది. పాత అలవాటుకొద్దీ వేళాకోళంగా, ఆరు వందల రెండు అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. 60.2, వేళ్ళొచ్చాయి, అన్నాను.

ఒట్టెయ్యమనలేదు. అమ్మకివ్వమనలేదు.