లౌడ్‌స్పీకర్‌లో నాన్న పేరు

ఎలోదియా అత్తా,

సబ్సిడీ తీసుకున్నవాళ్ల పేర్లు నీకు అందించింది నేనేనని ఇంట్లో అందరి నమ్మకం. నాకంత ధైర్యం ఎక్కడిది? నీ గడప తొక్కొద్దన్నారు గనుక రాస్తున్నాను.

నిన్న పొద్దున సోలెదాద్ ఇంట్లో అమ్మకానికి మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన వేడి తమాలెలు సిద్ధమని ఎప్పటిలా మీ ఇంటి లౌడ్‌స్పీకర్‌లో చాటి, అదే గొంతుతో మొక్కజొన్న సబ్సిడీ అందినవాళ్లలో సగం మంది పేర్లు చదివావు. ప్రభుత్వం ఇంటర్నెట్‌లో పెట్టినా ఊళ్లో ఎవరూ తెరిచి చూడని పేర్లు. గింజ కూడా నాటని నాన్న పేరు దగ్గర నీ గొంతు తగ్గలేదు.

"సొంత తమ్ముణ్ణే బజారుకీడుస్తావా అక్కా?" అని నాన్న వీధిలోంచి అరిచాడు.

"వినపడలేదా తమ్ముడూ? ఉండు, మళ్లీ చదువుతా," అన్నావు మైకులోనే. నాకెంత ముచ్చటేసిందో!

మైకు ముట్టుకుంటే ఇంటికి రావొద్దని నాన్న నాతో అన్నాడు. రేపు మిగతా సగం నేను చదువుతాను.