వంతెన అవతల

చంటీ,

ఇవాళ నీ పుట్టినరోజు. ఈ దేశం కాని దేశంలో, మనురేవాలో, పొద్దుటి నుంచీ వాన. డెయిరీలో (ఇక్కడ కిరాణా కొట్టుని అలాగే అంటారు) డ్యూటీ దిగి వచ్చేసరికి, మా ఫ్లాట్‌లో పక్క గదిలో ఉండే ఇమ్రాన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అతనిదీ హైదరాబాదే. ఎమ్యులేటర్ అని ఒక ప్రోగ్రామ్ ఉందట, మనం టీవీకి తగిలించి ఆడిన పాత గేములన్నీ అందులో వస్తాయట. మన వంతెన గేమ్ కూడా దొరికింది, ఆడమని నాకు కుర్చీ ఇచ్చాడు.

క్యాసెట్ తీసి, ఊది, మళ్ళీ పెట్టేవాడివి. వంతెన మధ్యకి రాగానే బొమ్మ ఆగిపోయి తెరంతా గళ్ళుగళ్ళుగా అయ్యేది. "గెలిచినం అక్కా!" అని మంచమెక్కి గెంతేవాడివి. గేమ్ అక్కడికి అయిపోతుందనే అనుకున్నాం. ఆస్పత్రి నుంచి ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు కూడా ఆ గెలుపు గురించే మాట్లాడావు.

ఇవాళ బొమ్మ ఆగలేదు. వంతెన అవతల ఒక ఊరు, దాని వెనక మంచు కొండలు.

"ఇదేంది, అయిపోలే? మాది వంతెన మీదనే ఆగుతుండె," అన్నాను.

"సగం గూడ కాలే అక్కా. మీది డూప్లికేట్ క్యాసెట్ అయ్యుంటది. ఆడ ఖరాబై ఆగుతుండె."

"అట్ల ఆగిపోయేదే దొరుకుతదా?"

"ఒరిజినల్సే దాస్తరక్కా. ఖరాబైన కాపీ ఎవరు దాస్తరు?"

మనది నీ బట్టలతో పాటు అమ్మ ఎవరికో ఇచ్చేసింది.

అవతలి ఒడ్డుకి ఒక్కదాన్నే వచ్చాను, చంటీ. టైమ్ అయిపోయి బొమ్మ చచ్చిపోయేదాకా ఏ మీటా నొక్కలేదు.

అక్క