చైన్ దిక్కు కప్పు

వికారాబాద్,
ఆగస్టు 24, ఆదివారం.

తాండూరుల ఉన్న అల్లుడు పరమేశ్‌కు, బిడ్డ అంజలికి, మీ నాయన బీరయ్య, అమ్మ మైసమ్మ పెట్టే దీవెనలు. మీరిద్దరు చల్లగుండాలె. మేమిక్కడ బాగనే ఉన్నం. రెండు బర్లు పాలిస్తున్నయి, మూడోది మాత్రం దాణా తిని తంతున్నది.

నా కండ్లకు అక్షరాలు ఆనుతలేవు అల్లుడా, అందుకని చిన్నబిడ్డ సహస్రతోని రాయిస్తున్న. చెప్పింది చెప్పినట్టు రాయాలె, నడుమ ఏం అడగొద్దని దానికి ముందే చెప్పి కూసోపెట్టిన. ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవేమో. చేసిన. నువ్వు బాగున్నవా మామా అనంగనే నా నోరు వానల దిక్కు, బర్ల దిక్కు పోయింది గని గా ముచ్చట కాడికి రాలె.

వానలు మంచిగనే పడుతున్నయి. అనంతగిరి అంత పచ్చగయింది, ఆదివారం వస్తె హైదరాబాద్ కార్లు గుట్ట మీదికి లైను కడుతున్నయి. మీ దిక్కు కందిచేన్లు ఎట్లున్నయి? బండల పాలిష్ కాడ దినమంత నీళ్ళల్ల నిలవడి నీ కాలివేళ్ళు ఒరుసుకుపోతున్నయని అంజలి చెప్పింది. పండేటప్పుడు కొబ్బరినూనె రాసుకో, ఊకె ఇడిసిపెట్టకు.

ఇగ అసలు ముచ్చట. ఆషాఢం ఎల్లినంక అంజలిని తోలుకపోను నువ్వు వచ్చిన దినం యాదికున్నదా? పెండ్లయినంక మా ఇంటికి అదే మొదలు. మీ అత్త పోలెలు చేసింది. సహస్ర వాకిట్ల సైకిల్ బోర్లేసుకోని కూసున్నది. తెల్లారి అనంతగిరి ఘాట్ మీద జిల్లా జట్టు కోసం పోటీ. తొక్కితె కటకటమంటున్నదని కొత్త బీబీ తెచ్చుకున్నది. బీబీ అంటె ఏందని మీ అత్త గిప్పుడు పక్కన కూసోని అడుగుతున్నది. రెండు పెడల్ల నడుమ తిరిగే ఇరుసు, దానికి అటొకటి ఇటొకటి కప్పులు. అప్పుడు నువ్వు చేతులు కడుక్కోని వచ్చి, జరుగు మరదలా, మిషన్లు విప్పేటోన్ని నేనుండంగ నీకెందుకు ఫికర్ అన్నవు. ప్రేమతోనే అన్నవు. నాకు గూడ సంబురమైంది.

ఆ కప్పులు చూడ రెండు ఒక్క తీర్గనే ఉంటయి. గని చైన్ దిక్కు దానికి మర చుట్లు ఎదురుంటయి, ఎడమకు తిప్పితెనే బిగుస్తది. నువ్వు అటుది ఇటు, ఇటుది అటు పెట్టినవు. సహస్ర చెప్పింది, బావా అది ఇటు దిక్కుది అని. మీ అత్త దాని దిక్కు ఉరిమి చూసి, బావకు తెల్వదా, నువ్వు పోయి చాయ్ పెట్టుపో అన్నది. కప్పు సగంల పట్టుకున్నది, లోపలికి పోతలేదు. నువ్వు ఇంక జోరుగ తిప్పెతందుకు పానాకు పైపు తొడిగినవు. ఫ్రేము జర గట్టిగ పట్టుకో మామా అన్నవు.

నేను పట్టుకున్న. మోకాలు అడ్డం పెట్టి, ఇంత గూడ కదలకుండ పట్టుకున్న. సన్నగ తెల్లటి రజను గోనెసంచి మీద రాలింది. ఫ్రేము లోపటి మర తెగుతున్నదని నాకు తెలుసు. సహస్ర గిప్పుడు పెన్ను ఆపింది. రాయి బిడ్డా, నేను పట్టుకున్న అని రాయి.

ఎట్ల తెలుసంటె, సైకిల్ మీద పాల క్యాన్లు మోసిన దినాలల్ల ప్రతి వానకాలం ఆ కప్పులు నేనే విప్పి, బురద కడిగి, గ్రీసు పెట్టి బిగించుకునేటోన్ని. ఒక్క మాట అంటె అయిపోతుండె. కొత్త అల్లుడు, పక్కింటోళ్ళు చూస్తున్నరు, నీ చేతిల పానా గుంజుకున్నట్టు అయితదనుకున్న. అది నీ మర్యాద అనుకున్న గని, చూస్తె నా మర్యాదనే. పైకెల్లి అల్లుని చెయ్యి ఉక్కు చెయ్యి అని నవ్విన.

తెల్లారి ఘాట్ సగం ఎక్కినంక కప్పు ఊడి పెడల్ ఊగులాడిందట. మీరు బయలెల్లే యాళ్ళకు సహస్ర సైకిల్ నూకుకుంట వాకిట్లకు వచ్చింది. నీ మొఖం చిన్నగైంది. అది చూసి నేను సహస్ర మీద ఒర్రిన. బావ అంత కష్టపడి చేస్తె గొడ్డు తొక్కినట్టు తొక్కి పాడు చేస్తివి, నీకు సైకిలే దండగ అన్న. మీరు ఆటోల కూసున్నరు, నేను చెయ్యి ఊపిన.

అప్పటిసంది సైకిల్ గోడకు ఆనించి ఉన్నది. పిల్ల కాలేజీకి బస్సుల పోతున్నది. అన్నం పెడ్తది, మందులు యాది చేస్తది, నాయనా అని మాత్రం పిలుస్తలేదు. అది ఎదురొస్తె నేను పని లేకున్న బర్ల కొట్టంలకు పోతున్న. కన్నబిడ్డ ముంగట తల ఎత్తలేకపోతున్న అల్లుడా, సిగ్గయితున్నది.

నిన్ను తప్పు పడుతలేను. నువ్వు తెల్వక తిప్పినవు, నేను తెలిసి పట్టుకున్న.

మర పోయిన ఫ్రేముల గూడ, రెండు దిక్కులకెల్లి ఒకదాన్నొకటి పట్టుకోని బిగిసే బీబీ ఉంటదని ఇక్కడి సైకిల్ దుకాణమాయన చెప్పిండు. తెప్పిచ్చిన. నిన్న వాకిట్ల గోనెసంచి ఏసుకోని నేనే ఎక్కిచ్చిన, పక్కింటోళ్ళు చూస్తుంటెనే. తిప్పితె చప్పుడు లేదు. సహస్ర ఇంక ముట్టలె. వచ్చే నెల తాండూరుల ఇంకో పోటీ ఉన్నదట. వస్తె మీ ఇంట్లనే దిగుతది. రాకుంటె రా అని చెప్పే మొఖం నాకు లేదు.

అంజలిని మంచిగ చూసుకో. నీ చెయ్యి మంచిదే, పైపు మాత్రం తొడగకు.

ఇట్లు,
నీ మామ
బీరయ్య

మర్చిపోకుండ ఇంకో మాట: బావా, గిది నేను, సహస్రను. నాయన కండ్లకు ఏం కాలె. పాల చీటీలన్ని తనే రాస్తడు, పొద్దుగాల పేపర్ల చిన్నక్షరాలు గూడ చదువుకుంట కూసున్నడు. కప్పులు తారుమారైనయని నాకు తెలుసు గని, నాయనకు గూడ తెలుసని నాకు గీ కాయితం రాస్తుంటెనే తెలిసింది. నా చెయ్యి ఆగిన కాడ ఆయన గోడ దిక్కు తిరిగి అదే మాట మళ్ళ చెప్పిండు. రాసుడు అయినంక, నాయనా, దీన్ని పోస్టు చెయ్యాల్నా అని అడిగిన. అల్లునికి ఎందుకులే, చింపెయ్ బిడ్డా అన్నడు. నేను చింపుతలేను. పోస్టు డబ్బా స్టేషన్ కాడ ఉన్నది, సైకిల్ మీద పోయి ఏసొస్త.