అక్క తెచ్చిన కాగితం

బావగారికి,

నిన్న అక్క మీ కాగితం తెచ్చింది. మందుల గోడౌన్‌లో పెట్టెలు మాయమయ్యాయని ఈసారి మీ మీద కేసు పెట్టారట. మిమ్మల్ని పనిలోంచి తీసేయొద్దని, అక్కడ ఇదివరకు పనిచేసిన పాతవాళ్ల చేత కూడా యాజమాన్యానికి రాయిస్తున్నారట. "నీ సంతకం కూడా కావాలిరా" అంది, నా మొహం చూడకుండా.

రెండేళ్ల కిందట అదే గోడౌన్‌లో, మీ కింద పనిచేస్తున్నప్పుడు, నా మీద ఇదే నింద పడింది. మూడోరోజే ప్యాకింగ్ బల్ల దగ్గర, అందరి ముందు, నన్ను తీసేసిన కాగితం చేతిలో పెట్టింది మీరే. "పోలీసులు ఇంకా ఏమీ తేల్చలేదు కదా బావా" అన్నాను. "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నారు. నా టిఫిన్ డబ్బా కూడా తెరిపించి చూసి మరీ గేటు దాటించారు. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు. దొంగ అన్న పేరుకు ఎవరూ పనివ్వక, ఇంటింటికీ నీళ్ల క్యాన్లు మోస్తున్నాను.

మీ కాగితం చించేద్దామనే అనుకున్నాను. మీకూ నా గతే పట్టిందని సంతోషిద్దామనుకున్నాను. ఎంత ప్రయత్నించినా సంతోషం రాలేదు. ఆ పెట్టెలు మీరు తీశారో లేదో నాకు తెలియదు. తెలియనప్పుడు మీ పొట్ట కొట్టడం తప్పని మాత్రం తెలుసు. అందుకే సంతకం పెట్టాను. కింద నా చేత్తోనే, "నేరం రుజువయ్యేదాకా ఎవరినీ తీసేయకండి" అని కూడా రాశాను.

కృతజ్ఞతలు చెప్పడానికని రాకండి. అక్క ఎప్పుడైనా రావచ్చు. మీరు మాత్రం నా గడప తొక్కొద్దు.

ఇట్లు,
మీ ఆవిడ తమ్ముడు